లండన్, మద్రాసు, ఇక్కడ

విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో గుంటూరు బస్సెక్కి కూర్చున్నానో లేదో, మంగళగిరి కొండ కనబడేలోపే మావయ్య నుంచి మూడు ఫోన్లు. "బయలుదేరావా అబ్బాయ్? ఆ పలక తెచ్చావా? దానికి చార్జింగ్ పెట్టావా?" పలకంటే టాబ్లెట్. ముప్పై ఏళ్లు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి, దానికి ఇంతకంటే మంచి పేరు మనలో ఎవరికీ తట్టలేదు.

ఆయన కంగారు ఊరికే కాదు. పోయిన డిసెంబరులో కొండవీడు వెళ్లినప్పుడు పరువు పోయింది. నా పరువే. ఘాట్ రోడ్డు మీదుగా పైకెక్కాం. ముత్యాలమ్మ చెరువు గట్టున కూర్చుని, తన నోటుబుక్కులో రాసుకున్న ఒక శాసన పాఠం చూద్దామన్నాడు మావయ్య. ఆయన నోటుబుక్కులు తొమ్మిదీ నేనే స్కాన్ చేసి క్లౌడ్‌లో పెట్టాను. టాబ్‌లో యాప్ తెరిస్తే తొమ్మిది పేర్లూ వరసగా కనబడ్డాయి, పక్కన చిన్న చిన్న బొమ్మలతో సహా. మొదటిది తెరుచుకుంది. ఆయనకి కావలసింది ఆరోది. దాని మీద వేలు పెడితే గుండ్రం తిరగడం మొదలెట్టింది, తిరుగుతూనే ఉంది. టాబ్‌లో సిమ్ లేదు, నా ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. ఆ ఫోన్‌లో ఒక గీత వస్తుంది, పోతుంది. మావయ్య పది నిమిషాలు ఓపిక పట్టి, "శుభలేఖ చదివి కడుపు నిండిందనుకున్నట్టుంది నీ యవ్వారం" అన్నాడు.

నన్ను ముంచింది ఆ తెరుచుకున్న మొదటి నోటుబుక్కే. ముందురోజు ఇంట్లో దాన్ని చూశాం కాబట్టి యాప్ తాత్కాలికంగా ఒక కాపీ దాచుకుంది. అది చూసి మిగతావీ టాబ్‌లోకి వచ్చేశాయనుకున్నాను. మనకి కనబడేది జాబితా మాత్రమే. అసలు ఫైలు ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది, వేలు పెట్టినప్పుడు నెట్ మీదుగా దిగుతుంది. కంప్యూటర్ల ముందే పొద్దస్తమానం కూర్చునే నాకు ఇది తెలియక కాదు. కొండెక్కేదాకా గుర్తు రాలేదు, అంతే.

ఈసారి అమరావతి. ఫిబ్రవరిలో ఒక శనివారం వెళదామనుకున్నాం. శుక్రవారం అక్కడి పురావస్తు మ్యూజియానికి సెలవు. నేను గురువారం సాయంత్రానికే బ్రాడీపేటలో వాళ్లింటికి చేరాను. అత్తయ్య పెట్టిన గోంగూర అన్నం తిని, చేయి కడుక్కుని, టాబ్ ముందేసుకున్నాను.

మావయ్య ఫోటోల్ని మూడు ఫోల్డర్లుగా సర్దుకున్నాడు. వాటి పేర్లు ఆయనే పెట్టాడు: లండన్, మద్రాసు, ఇక్కడ. అమరావతి స్తూపం రాళ్లు ఇప్పుడెక్కడెక్కడున్నాయో దాన్ని బట్టి. లండన్‌లో 320 ఫోటోలు, మద్రాసులో 812, ‘ఇక్కడ’లో 44. చెన్నై అనమంటే అనడు. "రాళ్లు పోయినప్పుడు అది మద్రాసేరా" అంటాడు. ఇవి కాక నోటుబుక్కులు, కొన్ని వ్యాసాలు. అంతా కలిపి ఎనిమిది జీబీ పైమాటే. గూగుల్ డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిలూ ఫోటోలూ కూడా ఇమడాలి కాబట్టి అక్కడ ఇరుకు, టాబ్‌లో మాత్రం చోటుకి కొదవ లేదు.

నేను మామూలుగా వాడే యాప్‌లో ఒక్కో ఫైలునీ ఆఫ్‌లైన్‌కి గుర్తు పెట్టుకోవచ్చు, ఫోల్డరు మొత్తాన్ని ఒక్క దెబ్బలో పెట్టుకునే వీలు కనబడలేదు. పదకొండు వందల పైచిలుకు ఫోటోలకి ఎవరు గుర్తులు పెడతారు? పైగా అలా దాచినవి ఆ యాప్ కడుపులోనే ఉంటాయి. వేరే ఫోటో వ్యూయరుకి కనబడవు. మావయ్యకేమో తనకలవాటైన వ్యూయరే కావాలి, రెండు వేళ్లతో పెద్దది చేస్తే రాతి మీద ఉలి గాటు కనబడాలి. అందుకని ఫోల్డర్‌సింక్ లాంటి యాప్‌లున్నాయి చూడండి, క్లౌడ్‌లోని ఒక ఫోల్డరునీ టాబ్‌లోని ఒక ఫోల్డరునీ జతకట్టేవి, అలాంటిది ఒకటి వేశాను. వైఫై ఉన్నప్పుడు మాత్రమే నడవాలని చెప్పి, చార్జర్ తగిలించి, పడుకున్నాను.

తెల్లారి చూస్తే 212 ఫైళ్ల దగ్గర ఆగి ఉంది. స్క్రీన్ ఆరిపోగానే, బ్యాటరీ పొదుపు పేరుతో ఆండ్రాయిడ్ ఆ యాప్‌ని నిద్రపుచ్చింది. సెట్టింగుల్లో ఆ యాప్ ఒక్కదానికి బ్యాటరీ ఆంక్షలు తీసేస్తే కదిలింది. మద్రాసు ఫోల్డరు మాత్రం ఖాళీ. అది చెన్నైలో ఉన్న మా బావ తీసి, తన ఖాతా నుంచి మాకు షేర్ చేసినది. షేర్ చేసినవి వేరే అరలో ఉంటాయి. నేను వేసిన యాప్ ‘నా డ్రైవ్’ కింద ఉన్నవాటినే చూసింది. మా డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే గానీ దిగలేదు. కాపీ అంటే మళ్లీ మా 15 జీబీలోంచే కోత. ఎప్పటివో పాత వీడియోలు తీసేసి చోటు చేశాను.

వ్యాసాల సంగతి ఇంకో తమాషా. గూగుల్ డాక్స్‌లో రాసినవి అసలు ఫైళ్లే కావు. ఆ సర్వర్‌లో తప్ప బతకవు. వాటిని పీడీఎఫ్ చేశాను. మావయ్య పదిహేనేళ్ల కిందట డీటీపీ సెంటరులో అను ఫాంట్లలో కొట్టించిన వ్యాసాలు మరీ ఘోరం. ఆ ఫాంటు లేని చోట అక్షరాలు పిచ్చిగీతలవుతాయి. "శాతవాహనుల లిపి కంటే కష్టంగా ఉందే ఇది" అని మావయ్య నవ్వాడు. అవి కంప్యూటర్‌లో తెరిచి, ఫాంటుతో సహా పీడీఎఫ్‌లోకి మార్చేసరికి మధ్యాహ్నం అయింది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. నేను ఓ గంట కునుకు తీసి లేచేసరికి డ్రైవ్‌లో లండన్ ఫోల్డరు లేదు. టాబ్‌లోనూ లేదు.

"నేనే తీసేశాను" అన్నాడు మావయ్య తాపీగా. "పలక బరువెక్కువైందేమో, నెమ్మదిగా నడుస్తోంది. క్లౌడ్‌లో ఎలాగూ ఉన్నాయిగా!"

లేవు. నేను పెట్టింది రెండు వైపుల సింక్. ఇక్కడ చేర్చితే అక్కడ చేరుతుంది, ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. సింక్‌ని బ్యాకప్ అనుకునేవాళ్లలో మావయ్య మొదటివాడు కాదు, చివరివాడూ కాడు. డ్రైవ్‌లో చెత్తబుట్టలోకి వెళ్లినవి 30 రోజులు ఉంటాయి కాబట్టి బతికిపోయాం. అన్నీ వెనక్కి తెచ్చి, ఈసారి దారి ఒకవైపుకే పెట్టాను: క్లౌడ్ నుంచి టాబ్‌కి, తీసివేతలు లేకుండా. ఆయన అక్కడ రాసుకునేవాటికీ తీసే ఫోటోలకీ వేరే ఫోల్డరు, అది టాబ్ నుంచి క్లౌడ్‌కి మాత్రమే. రాత్రి పడుకోబోయే ముందు టాబ్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి మావయ్య చేతికిచ్చి, "మీకు తోచిన ఏ పది ఫైళ్లయినా తెరవండి" అన్నాను. ఆయన పన్నెండు తెరిచాడు. ఆరో నోటుబుక్కు రెండుసార్లు తెరిచాడు.

శనివారం పొద్దున్నే ఎన్టీఆర్ బస్‌స్టాండులో అమరావతి బస్సెక్కాం. లాం దాటాక కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఎర్ర దుప్పట్లు పరిచినట్టు. కిటికీ పక్కన కూర్చున్న మావయ్య ఏడు తుమ్ములు తుమ్మి, ఎనిమిదోదానికి టాబ్‌ని కండువాలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు, తుంపర పడకుండా.

స్తూపం దగ్గర కొత్తవాళ్లకి నిరాశే ఎదురవుతుంది. గడ్డి పెరిగిన గుండ్రటి దిబ్బ, చుట్టూ ఇటుక వరస, అక్కడక్కడా నిలబెట్టిన పలకరాళ్లు. ఒకప్పుడు దీన్ని దీపాలదిన్నె అనేవారు. సుమారు యాభై మీటర్ల అడ్డుకొలత ఉన్న మహాచైత్యం ఇది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు ఇక్కడ ఊరు కట్టిస్తున్నప్పుడు రాళ్లు, ఇటుకలు ఇళ్లలోకి వెళ్లాయి. ఆ రోజుల్లోనే ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి కాలిన్ మెకంజీ దీన్ని చూశాడు. 1816లో మళ్లీ మనుషులతో వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి మద్రాసుకు పంపించాడు. అక్కడ ఏళ్ల తరబడి ఎండకీ వానకీ పడి ఉన్న వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ చేరింది, 1880లో బ్రిటిష్ మ్యూజియంలోకి వెళ్లింది. మెకంజీ మనుషులు గీసిన రాళ్లలో కొన్ని తర్వాత ఎవరికీ దొరకలేదు. వాటికి మిగిలింది ఆ బొమ్మ ఒక్కటే.

ఇదంతా పుస్తకాల్లో ఉంది. నేను చూసింది వేరే. మావయ్య దిబ్బ చుట్టూ ప్రదక్షిణంగా నడుస్తూ, పది అడుగులకోసారి ఆగి, లండన్ ఫోల్డరులోంచి ఒకటి, మద్రాసులోంచి ఒకటి తెరిచి ఎదురుగా పట్టుకుంటాడు. ఎండకి స్క్రీన్ అద్దంలా మెరిసి ఆయన మొహమే ఆయనకి కనబడుతోంది. వెలుతురు పూర్తిగా పెంచి, గొడుగు పట్టాను. పొదుపుగా వాడమని బ్యాటరీ గుర్తు చేస్తోంది. పట్టించుకోలేదు, నెట్ వెతుక్కునే పని లేదు కాబట్టి అది సాయంత్రం దాకా ఆగింది.

ఒక చోట చాలాసేపు నిలబడ్డాడు. లండన్‌లో ఉన్న ఒక పలకరాయి రెండు వైపులా చెక్కి ఉంటుంది. మొదట ఒకవైపు బుద్ధుడి బొమ్మ లేకుండా, చెట్టు కింద ఖాళీ ఆసనం. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, వెనకవైపు మొత్తం స్తూపాన్నే చెక్కారు: నాలుగు దిక్కులా నిలబెట్టే ఆయక స్తంభాలు, ద్వారాల దగ్గర సింహాలు, పైన ఎగురుతున్న దేవతలు. స్తూపం ఎలా ఉండేదో ఆ స్తూపం రాయే చెబుతుంది. మావయ్య ఆ బొమ్మని పెద్దది చేసి ఒక సింహం పాదం దగ్గర ఆపాడు. గోళ్లు లెక్కపెట్టాడు. తర్వాత టాబ్ దించి దిబ్బ వైపు చూశాడు, మళ్లీ ఎత్తి బొమ్మ వైపు చూశాడు. ఏమీ అనలేదు. నా చేయి గొడుగు పట్టుకుని లాగుతోంది గానీ నేనూ ఏమీ అనలేదు.

ఈలోపు అక్కడి కాపలా అతను వచ్చి ఏం చూస్తున్నారని తొంగిచూశాడు. మద్రాసు ఫోల్డరులోంచి ఒక పూర్ణకుంభం చూపించాడు మావయ్య, తామరలు నిండిన కుండ.

"ఇది మన గవర్నమెంటు ముద్ర కదండీ!"

"ముద్ర ఇక్కడిదే నాయనా, ఇక్కణ్ణుంచే తీసుకున్నారు."

"మరి ఈ రాయి ఏదండీ?"

మావయ్య ఫోల్డరు పేరు చూపించాడు. అతను చదివి, "ఇంకా ఉన్నాయా, చూపించండి" అని పక్కనే కూలబడ్డాడు. అరగంట పైన చూశారిద్దరూ. నేను ఇవతలికొచ్చి చెరుకురసం తాగాను.

మ్యూజియంలో తొందరగా తిరిగేశాం, మావయ్య కాళ్లు లాగుతున్నాయన్నాడు. అమరేశ్వరుడి గుడి మెట్ల మీద కూర్చుని కృష్ణ గాలి పీలుస్తూ, ఆయన వేలితో ఏదో రాసుకున్నాడు. ఆరో నోటుబుక్కులో తను 1994లో వేసుకున్న ఒక ప్రశ్న గుర్తుకు జవాబట. ఏమిటని అడిగితే, "ముందు ఎక్కించు, తర్వాత చదువుకో" అన్నాడు.

చీకటి పడ్డాక బ్రాడీపేట చేరాం. గుమ్మంలో అడుగు పెట్టగానే టాబ్ ఇంటి వైఫై పట్టుకుంది, పైకి చూస్తున్న బాణం కదలడం మొదలెట్టింది. అత్తయ్య కంచాలు పెట్టి రెండుసార్లు పిలిచింది. మావయ్య చెప్పులైనా విప్పకుండా సోఫాలో కూర్చుని ఆ అంకెనే చూస్తున్నాడు. ఆ రోజు తీసినవి 63.

"‘ఇక్కడ’లో కలిపితే ఎన్నవుతాయిరా?"

"నూట ఏడు మావయ్యా."

"నూట ఏడు" అని తనలో తను అనుకుని, చెప్పులు విప్పుకుని, చేతులు కడుక్కోవడానికి లేచాడు.