డిక్కీలో రెండో బ్యాటరీ
సంక్రాంతికి అమలాపురం వచ్చిన ప్రతిసారీ ఇదే టెన్షన్. కారు స్టీరియోలో బేస్ పడితే హెడ్‌లైట్లు డిమ్ము, కారు ఆపి గంట పాటలు వింటే సెల్ఫ్ అందుకోదు. ఈసారి డిక్కీలో సీల్డ్ ఏజీఎం బ్యాటరీ (యాసిడ్ ఒలకని రకం) పెట్టి, ముందు బ్యాటరీకీ దీనికీ మధ్యలో ఐసొలేటర్ రిలే, అంటే రెండింటినీ కలిపి విడదీసే స్విచ్చు, వేశాం. ఇంజిన్ నడిస్తే ఆల్టర్నేటర్ సుమారు 14 వోల్టులతో రెండింటినీ ఛార్జ్ చేస్తుంది. ఆపితే రిలే విడదీస్తుంది, పాటలు డిక్కీ బ్యాటరీ మీదే నడుస్తాయి, ముందుది సెల్ఫ్‌కి మిగులుతుంది.

గొడవంతా ఫ్యూజు దగ్గరే. "ముందు బ్యాటరీ దగ్గర ఒకటుందిగా, చాల్లే బావా" అన్నాడు మా బావ. వైరుకి రెండు కొసల్లోనూ బ్యాటరీలే కదా! డోరు కింద ఎక్కడో తొడుగు ఒరుసుకుని బాడీకి ఆనిందంటే రెండు వైపుల నుంచీ కరెంటు తోసుకొస్తుంది. చివరికి రెండు టెర్మినళ్ల దగ్గరా, జానెడు దూరంలోనే ఫ్యూజులు బిగించాం.

నిన్న అంతర్వేది ఒడ్డున ఇంజిన్ ఆపి రెండు గంటలు పాటలు విన్నాం. తాళం తిప్పగానే సెల్ఫ్ అందుకుంది. బావ మాత్రం ఇంకా ఆ రెండో ఫ్యూజు ఖరీదే లెక్కేస్తున్నాడు.