బంతి రాకముందే

ఈ సెమిస్టర్‌లో ఏదో ఒక ఆట తప్పనిసరిగా తీసుకోవాలంటే వాలీబాల్ అని రాసిచ్చాను. బంతి ఆటల్లో అంతకుముందు నాకు తెలిసింది త్రోబాల్ ఒక్కటే. దానికీ నెట్ ఉంది, దీనికీ నెట్ ఉంది, బంతి అవతలి వైపు పడాలి, అంతేగా అనుకున్నాను. మొదటి రోజు పీడీ సార్ మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కరికీ బంతి మెల్లగా విసిరారు. నా వైపు రాగానే రెండు చేతులూ చాచి భద్రంగా పట్టేసుకున్నాను. సార్ దగ్గరికొచ్చి బంతి తీసుకుని, "అమ్మా, ఈ ఆటలో పట్టుకోవడం అనేదే లేదు. ముందు అది మర్చిపో" అన్నారు.

మర్చిపోవడానికి చాలా వారాలు పట్టింది. బంతి మీదికొస్తుంటే చేతులు వాటంతటవే పట్టుకోవడానికి లేస్తాయి. పట్టుకునే ఆటలో బంతి చేతికి చిక్కాక ఒక్క క్షణం ఊపిరి పీల్చుకోవచ్చు, ఎవరికివ్వాలో చూసుకోవచ్చు. వాలీబాల్‌లో ఆ క్షణం లేదు. బంతి తగలడం, వెళ్ళిపోవడం రెండూ ఒకేసారి జరిగిపోతాయి. చేతిలో కాస్త ఆగినా ఫౌల్. అంటే ఎక్కడ నిలబడాలి, ఎటు తిరగాలి, ఎంత ఎత్తుకు లేపాలి, ఇదంతా బంతి రాకముందే తేలిపోయి ఉండాలి. సెమిస్టర్ పొడుగునా సార్ రకరకాలుగా చెప్పింది ఇదే. నాకు మాత్రం ఒక్కోసారి ఒక్కో ముక్క అర్థమవుతూ వచ్చింది.

మొదట నేర్పింది అండర్ హ్యాండ్. చూడ్డానికి రెండు చేతులూ కలిపి బంతిని పైకి లేపడమే. ఆ కలపడంలోనే ఉంది అంతా. వేళ్ళలో వేళ్ళు దూర్చి బిగించకూడదు. ఒక చేతి వేళ్ళ మీద ఇంకో చేతి వేళ్ళు ఆనించి, బొటనవేళ్ళు రెండూ పక్కపక్కన సమంగా ఉంచి, మణికట్లు కిందికి వంచాలి. అలా వంచగానే మోచేతులు సాగుతాయి, ముంజేతులు రెండూ దగ్గరికొచ్చి చిన్న పీటలా తయారవుతాయి. బంతి పడాల్సింది మణికట్టుకు కాస్త పైన, ఆ పీట మీద. బొటనవేళ్ళ మీద పడితే ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

నా బంతి ఎప్పుడూ కుడివైపుకే పోయేది. ఎంత ఆలోచించినా కారణం దొరకలేదు. ఒకరోజు క్లాసు అయిపోయాక సార్ నా చేతులు చాచమన్నారు. ఎడమ ముంజేతి మీద ఎర్రటి మచ్చలు వరసగా ఉన్నాయి. కుడి చెయ్యి మామూలుగానే ఉంది. "చూశావా, నీ ఎడమ చెయ్యి పైకి లేచి ఉంటోంది. అందుకే ముందు దానికే తగిలి పక్కకి జారిపోతోంది. నేను చెప్పక్కర్లేదు, నీ చర్మమే చెప్తోంది" అన్నారు. ఆ రోజు నుంచి క్లాసు అవ్వగానే చేతులు చూసుకోవడం అలవాటైంది. బంతి బరువు 260 నుంచి 280 గ్రాముల మధ్యే ఉంటుందట కానీ, అలవాటు లేని చర్మానికి అదేం తక్కువ కాదు. మొదటి రెండు వారాలూ రాత్రి దుప్పటి తగిలినా మండేది. నాలుగో వారంలో ఒకరోజు రెండు చేతులూ సమానంగా ఎర్రబడ్డాయి. ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను. అది ఇప్పటికీ ఉంది.

చేతులు కుదిరాక తెలిసింది, అసలు పని చేతులది కాదని. బంతి వస్తుంటే నేను చేతులు ఊపి కొట్టేదాన్ని. అది వెళ్ళి ఎక్కడో పడేది. "ఊపకు. మోకాళ్ళు వంచి కిందికి వెళ్ళు, బంతి తగిలేటప్పుడు కాళ్ళతో లే. చేతులు అక్కడ ఉంటే చాలు" అనేవారు సార్. మా క్లాసులో ఒకమ్మాయి, ఇంతకుముందు ఆడిన అనుభవం ఉంది తనకి, బంతి అవతల లేచిందంటే చాలు, రెండు చిన్న అడుగులు వేసి దాని దారిలోకి వచ్చేసేది. బంతి వచ్చేసరికి తను కదలకుండా నిలబడి ఉండేది. అందుకే తను ఎప్పుడూ తొందరపడుతున్నట్టు కనిపించేది కాదు. నేను బంతి వచ్చాక పరిగెత్తేదాన్ని. ఆ తేడా కళ్ళతో చూశాక కూడా కాళ్ళకి ఎక్కడానికి ఇంకో నెల పట్టింది.

సార్ మాకు పెట్టిన పరీక్ష ఒక్కటే: గోడ ముందు నిలబడి, అండర్ హ్యాండ్‌తో బంతి కింద పడకుండా 50 సార్లు ఆడాలి. మొదట్లో నాకు నాలుగు వచ్చేవి, ఐదు వచ్చేవి. గోడ దగ్గర ఎవరి మీదా నెపం పెట్టలేం. నువ్వు ఎలా పంపితే అలాగే తిరిగొస్తుంది. గట్టిగా కొడితే గట్టిగా వస్తుంది, వంకరగా కొడితే వంకరగా వస్తుంది. పదకొండు దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. బంతి వెనకాల చూపు పెట్టుకుంటూ, తర్వాత ఎక్కడికి అడుగు వెయ్యాలో గోడకి తగలకముందే లెక్క వేసుకోవడం మొదలుపెట్టాక ఒక్కసారిగా ఇరవై ఆరు వచ్చాయి.

ఒకరోజు వాన పడి గ్రౌండ్ తడిసిపోయింది. క్లాస్‌రూమ్‌లో కూర్చోబెట్టి సార్ ఈ ఆట ఎలా పుట్టిందో చెప్పారు. 1895లో, అమెరికాలోని మసాచుసెట్స్‌లో, హోల్యోక్ అనే ఊరి వైఎంసీఏలో విలియం మోర్గన్ అనే ఆయన దీన్ని తయారుచేశారు. ఆయన కూడా మా సార్‌లాగే వ్యాయామం నేర్పే ఉద్యోగంలో ఉన్నవారు. అప్పటికి బాస్కెట్‌బాల్ పుట్టి నాలుగేళ్ళయింది. వయసు మళ్ళుతున్నవాళ్ళకి ఆ పరుగు, ఆ తోపులాట ఎక్కువైపోతోందని, ఒకరి ఒంటికి ఒకరు తగలకుండా మధ్యలో నెట్ కట్టారు. ఆ నెట్ ఎత్తు ఆరడుగుల ఆరంగుళాలు. మొదట పెట్టిన పేరు మింటొనెట్. మరుసటి ఏడాదే వాలీబాల్ అయింది. మెల్లగా ఆడుకోవడానికి పుట్టిన ఆట 1964లో టోక్యో ఒలింపిక్స్‌కి వెళ్ళింది. ఇప్పుడు నెట్ ఎత్తు మగవాళ్ళకి 2.43 మీటర్లు, ఆడవాళ్ళకి 2.24 మీటర్లు.

నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే సంగతి. మొదట్లో ఒక జట్టు బంతిని ఎన్నిసార్లైనా ముట్టుకోవచ్చట. మూడుసార్లే అనే నిబంధన 1920లో వచ్చింది. ఒకే మనిషి వరసగా రెండుసార్లు ముట్టుకోకూడదు కూడా. ఈ రెండూ కలిపి ఆలోచిస్తే ఆట మొత్తం అందులోనే ఉంది. మొదటి బంతి అందుకున్నవాళ్ళు దాన్ని ఇంకొకరికి ఇచ్చి తీరాలి. ఎంత బాగా ఆడేవాళ్ళైనా ఒక్కళ్ళే ముగించలేరు. నేను తీసిన బంతి బాగుంటేనే లిఫ్టర్, అంటే కొట్టేవాళ్ళ కోసం బంతి లేపే అమ్మాయి, బాగా లేపగలదు, తను లేపింది బాగుంటేనే స్మాష్, అంటే నెట్ మీంచి గట్టిగా కిందికి కొట్టే దెబ్బ, పడుతుంది. స్మాష్ కొట్టినప్పుడు అందరూ చప్పట్లు కొడతారు. ఇప్పుడు నేను మ్యాచ్ చూస్తే నా కళ్ళు మొదటి చెయ్యి మీదికే వెళ్తాయి.

ఫింగర్స్, అంటే బంతిని తల మీద వేళ్ళతో ఆడటం, నేర్చుకునేటప్పుడు దెబ్బ తగిలింది. నుదుటికి కాస్త పైన రెండు చేతులూ ఎత్తి, బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ త్రికోణంలా పెట్టి, ఆ సందులోంచి బంతిని చూడాలి. వేళ్ళు విప్పి, బంతి ఆకారానికి తగ్గట్టు వంచి ఉంచాలి. నేను భయపడి ఆఖరి క్షణంలో వేళ్ళు బిగదీసి ముందుకు చాచాను. బంతి నేరుగా ఉంగరం వేలి కొసకి తగిలింది. సాయంత్రానికి కణుపు దగ్గర వాచి, పెన్ను పట్టుకోలేకపోయాను. సార్ దాన్ని మధ్యవేలితో కలిపి టేపు చుట్టారు. రెండు వారాలు బంతి ముట్టుకోలేదు, గ్రౌండ్ పక్కన కూర్చుని చూశాను. ఆ రెండు వారాలు నాకు చాలా ఉపయోగపడ్డాయి. సర్వీసు చేసేవాళ్ళ భుజం చూస్తే బంతి ఎటు వస్తుందో సగం తెలిసిపోతుందని అక్కడ కూర్చునే గమనించాను.

సర్వీసు అంటే మాత్రం నాకు చాలా టెన్షన్. మిగతా ఆటంతా ఎవరో పంపిన బంతికి జవాబు చెప్పడమే. సర్వీసు ఒక్కటే మన చేతుల్లోంచి మొదలవుతుంది. విజిల్ వేశాక ఎనిమిది సెకన్లు టైము. అందరూ చూస్తుంటారు. పైగా ఒకప్పుడు సర్వీసు చేసిన జట్టుకే పాయింట్లు వచ్చేవట. 1990ల చివరి నుంచి ప్రతి ర్యాలీకీ, అంటే సర్వీసు నుంచి బంతి ఆగేదాకా సాగే ఆటకి, ఎవరో ఒకరికి పాయింటు వస్తుంది. అంటే నా సర్వీసు నెట్‌లో పడితే అవతలివాళ్ళు ఏమీ చెయ్యకుండానే పాయింటు తీసుకుంటారు. మొదట చెయ్యి కింది నుంచి కొట్టి దాటించడం వచ్చింది. పైనుంచి కొట్టడం దగ్గర ఇబ్బంది చేతిలో కాదు, బంతిని పైకి వెయ్యడంలో ఉండేది. తల మీదికి వేసేసుకునేదాన్ని. కొంచెం ముందుకి, కొట్టే భుజానికి ఎదురుగా వెయ్యడం కుదిరాక పదింటిలో ఏడు దాటాయి. బంతి తిరగకుండా వెళ్తే గాల్లో ఊగుతుందని చెప్పారు కానీ, నా బంతి ఊగడం నేనింకా చూడలేదు.

ఇక అసలు కష్టం. జట్టుగా ఆడటం మొదలుపెట్టాక నాకూ పక్కనున్న అమ్మాయికీ మధ్య బంతి పడేది. ఇద్దరం మంచి దూరంలోనే ఉండేవాళ్ళం. బంతి వచ్చేది, తను తీస్తుందని నేను, నేను తీస్తానని తను. ధప్పున పడేది. ఆ శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. సార్ ఆట ఆపేసి, "నాది అని అరవాలి. ఎవరు ముందు అరిస్తే బంతి వాళ్ళది. రెండోవాళ్ళు పక్కకి తప్పుకుని వెనక కాపలా ఉండాలి" అన్నారు.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు. క్లాసులో అటెండెన్స్ పిలిచినప్పుడు కూడా రెండోసారి పలికేదాన్ని. పది మంది ముందు నాది అని అరవాలంటే గొంతు వచ్చేది కాదు. బంతి తగిలాక మెల్లగా "నాది" అనేదాన్ని. దానివల్ల ఉపయోగం లేదు కదా. సార్ ఒక పూట మా చేత బంతి లేకుండానే ఆడించారు. చెయ్యి ఎటు చూపిస్తే అటు కదలాలి, కదిలేముందు అరవాలి. అరగంట అదే. చివరికి గొంతులు బొంగురుపోయాయి. తర్వాత బంతి వచ్చినప్పుడు నేను అరిచిన అరుపుకి నాకే ఆశ్చర్యమేసింది. పక్కమ్మాయి వెంటనే రెండడుగులు వెనక్కి వేసింది. తను అలా తప్పుకోవడం నన్ను నమ్మడమే అనిపించింది. ఆ బంతి నేను సరిగ్గా తియ్యలేకపోయాను కానీ, తను వెనకే ఉండి అందుకుంది.

ఆఖరి వారం మమ్మల్ని జట్లుగా విడగొట్టి మ్యాచ్ పెట్టారు. 25 పాయింట్ల సెట్టు ఒక్కటే. స్కోరు 21-22 దగ్గర నేను వెనక వరసలో ఎడమవైపున్నాను. అవతల సర్వీసుకి వచ్చింది ఆ ముందునుంచీ ఆడిన అమ్మాయే. తన భుజం నా వైపు తిరిగింది. బంతి ఇంకా చెయ్యి వదలకముందే నేను ఒక అడుగు ముందుకేసి, మోకాళ్ళు వంచి, "నాది" అనేశాను. బంతి వచ్చి రెండు ముంజేతుల మీదా ఒకేసారి పడింది. చప్పుడు కూడా వేరేగా వచ్చింది, చదునుగా, మెత్తగా. పైకి లేచి నెట్‌కి ఒక మీటరు ఇవతల, లిఫ్టర్ నిలబడ్డ చోటికే దిగింది. తను ఒక్క అడుగు కూడా వెయ్యక్కర్లేకపోయింది. తను లేపింది, మా పొడుగమ్మాయి కొట్టింది, 22-22.

సెట్టు 25-23తో ఓడిపోయాం. వెళ్ళేటప్పుడు లిఫ్టర్ నా పక్కనుంచి నడుస్తూ, "ఆ బంతి భలే ఇచ్చావే" అంది. వేరే ఏమీ అనలేదు.

వచ్చే సెమిస్టర్‌లో ఈ క్లాసు లేదు. సార్‌ని అడిగి ఒక పాత బంతి తెచ్చుకున్నాను. రోజూ పొద్దున్నే గోడ దగ్గర ఆడుతున్నాను. నిన్న 71 వచ్చాయి. ఎడమ చెయ్యి ఇంకా కొంచెం ఎక్కువే ఎర్రబడుతోంది.