పెళ్లివారు నడిచిన దారి

శ్రీనివాస కళ్యాణం కథ విన్నప్పుడల్లా నాకు పెళ్లి ముచ్చట్లకన్నా ఊళ్ల మీదే ధ్యాస. ఆకాశరాజు ఊరు ఎక్కడ? అగస్త్యుడి ఆశ్రమం ఎక్కడ? కొత్త దంపతులు కొండకు ఏ దారిన వెళ్లారు? చిన్నాయనను వెంటబెట్టుకుని కథ నడిచిన వరసలోనే బయల్దేరాను.

పుత్తూరులో బస్సు దిగి ఆటోలో నారాయణవనం చేరాం. ఆకాశరాజు రాజధాని ఇదేనంటారు. పక్కనే అరుణానది, మేం వెళ్లినప్పుడు అంతా ఇసుకే. కళ్యాణ వేంకటేశ్వరస్వామి గుడిలో ఓ పెద్ద రాతి తిరగలి ఉంది. పెళ్లి వంటలకు పిండి విసిరింది దీంతోనేనట. ఒక్కరి చేతుల్తో కదిలేది కాదు.

"ఇది ఆ కాలందే అంటావా?" అన్నాడు చిన్నాయన.

"కాలం సంగతేమో గానీ చిన్నాయనా, పెళ్లికి జనం మాత్రం బాగా వచ్చుంటారు" అన్నాను.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం తిరుపతి దగ్గరి తొండవాడ. స్వర్ణముఖిలో భీమా, కళ్యాణి నదులు కలిసేది ఇక్కడే, ఒడ్డున అగస్త్యేశ్వరస్వామి గుడి. సువర్ణముఖరిని, అంటే ఈ స్వర్ణముఖినే, భూమికి తెచ్చింది అగస్త్యుడేనని పురాణం. అలాంటప్పుడు ఆయన ఆశ్రమాన్ని ఈ ఏటి ఒడ్డున కాక ఇంకెక్కడ వెతుకుతాం? పురాణాల చోట్ల మీద పోటీ ఎప్పుడూ ఉండేదే. హనుమంతుడు పుట్టిన అంజనాద్రి తిరుమలలోనే ఉందని 2021 శ్రీరామనవమినాడు టీటీడీ ప్రకటించింది. హంపి దగ్గరి ఆనెగొందివాళ్లు మాదంటారు, నాసిక్ దగ్గరి అంజనేరివాళ్లూ మాదే అంటారు. కొండ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, మూడు నదుల సంగమాన్ని ఎత్తుకుపోవడం కుదరదు కదా! అందుకే నేను ముందు నదినే చూస్తాను.

పెళ్లయ్యాక ఆరు నెలలు కొండెక్కకూడదని పద్మావతీ శ్రీనివాసులు అగస్త్యాశ్రమంలోనే ఉండిపోయారంటారు. ఆ తర్వాతి మజిలీ దగ్గర్లోని శ్రీనివాస మంగాపురం. అక్కడి గుడిని 1540లో అన్నమయ్య మనవడు చిన తిరుమలాచార్యులు బాగు చేయించారు. అంటే గుడి సాక్ష్యం అక్కడికే, ఆశ్రమం కాలందాకా పోదు. దారి మాత్రం అతికినట్టు సరిపోతుంది. మంగాపురం దాటితే శ్రీవారి మెట్టు. అలిపిరి వైపు 3,550 మెట్లుంటే ఇక్కడ 2,388. ఏటి ఒడ్డు నుంచి కొండకు ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

ఈ మాటే చెబుతూ ఎక్కుతుంటే చిన్నాయన మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. "ఒరే, స్వామి ఏ దారిన ఎక్కాడో గానీ, మనం అలిపిరి నుంచి బస్సులో వచ్చుంటే పోయేది కదరా!"