కనుమ రోజు కారులో ఇరుక్కున్న తాళం చెవి

కనుమ రోజు మా కోనసీమలోని జగ్గన్నతోట తీర్థానికి అమ్మను తీసుకెళ్లాలి. పదకొండు మంది రుద్రుల ప్రభలు (దేవుణ్ణి ఉంచి మోసే, అలంకరించిన ఎత్తైన కట్టడాలు) ఒక్కచోట చేరే ఆ తీర్థం అంటే అమ్మకు ప్రాణం. పొద్దున్నే అంబాజీపేట వెళ్లి పూలు తెచ్చి, వాకిట్లో కారు ఆపాను. ఇంజిను ఆగింది గానీ తాళం చెవి ఏసీసీ (ఇంజిను ఆగినా రేడియో లాంటివి పనిచేసే చోటు) దగ్గరే ఉండిపోయింది. లాక్ వైపు తిరగదు, బయటికి రాదు.

గట్టిగా లాగాను. అది తప్పని తర్వాత తెలిసింది. చెవి లాక్ దగ్గరకు వస్తేనే ఊడుతుంది. మిగతా చోట్ల లోపలి భాగాలే దాన్ని పట్టి ఉంచుతాయి, లేకపోతే నడిచే బండిలోంచి జారిపోతుంది. బలవంతం చేస్తే లోపలే విరుగుతుంది.

పండగ కాబట్టి షెడ్డు మూసేశారు. మెకానిక్‌కి ఫోన్ చేశాను. ఆటోమేటిక్ బండైతే గేరు పూర్తిగా ‘పీ’ (పార్కింగ్)లో పడకపోయినా చెవి రాదట. నాది మాన్యువల్. స్టీరింగ్‌ను అటూ ఇటూ కొంచెం కదుపుతూ, చెవిని లోపలికి నొక్కి తిప్పమన్నాడు. అలాగే చేశాను, కదల్లేదు.

“ఆ తాళంలో ఏమైనా పోశారా అండి?”

నాకు గుండె ఝల్లుమంది. వారం క్రితం బిరుసుగా తిరుగుతోందని, బీరువా తాళానికి వేసినట్టే నాలుగు చుక్కలు కొబ్బరి నూనె వేశాను. కోనసీమలో చేతికి మొదట అందేది అదే కదా!

“ఈ చలికి పేరుకుపోద్ది కదండీ, దుమ్ము కూడా పట్టేసుంటది” అన్నాడు. కొబ్బరి నూనె దాదాపు 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది. మా దేవుడి గదిలో సీసా కూడా ఆ పొద్దున తెల్లగా ఉంది.

ముందు బ్యాటరీ మైనస్ వైరు తీసేయమన్నాడు. తాళం ఏసీసీలో ఉండిపోతే బ్యాటరీ దిగిపోతుంది. 10వ నంబరు స్పానర్‌తో తీసి, చెల్లి హెయిర్ డ్రయ్యర్ తెచ్చాను. ప్లాస్టిక్ మాడకుండా దూరంగా పట్టి, ఆపి ఆపి వేడి చేశాను. మధ్యమధ్యలో చెవిని నొక్కి మెల్లగా తిప్పి చూశాను. చాలాసేపటికి టక్‌మని లాక్‌లోకి వచ్చింది. చెవి చేతిలోకి వచ్చాక గానీ నా టెన్షన్ తగ్గలేదు.

మళ్లీ పెట్టే ధైర్యం చాలక తీర్థానికి ఆటోలో వెళ్లాం. గంగలకుర్రు ప్రభను భుజాల మీద మోస్తూ కౌశిక నది దాటించడం అమ్మ కళ్లారా చూసింది.

పండగయ్యాక మెకానిక్ తాళాన్ని క్లీనర్ స్ప్రేతో కడిగి, గ్రాఫైట్ పొడి వేశాడు. అది పొడిగా ఉంటుంది కాబట్టి దుమ్మును పట్టదు. నేను రోజూ వాడే చెవిని డూప్లికేట్ పక్కన పెట్టి చూపించాడు: పళ్లు నిజంగానే అరిగాయి. మొదట్లో బిరుసుకి కారణం అదేనట. డూప్లికేట్‌ను చూసి కొత్తది కోయించాను. నా కారుకి ఇమ్మొబిలైజర్ (చెవిలోని చిప్‌ను గుర్తుపడితేనే ఇంజిను నడవనిచ్చే ఏర్పాటు) ఉంది కాబట్టి చిప్ కూడా ప్రోగ్రామ్ చేయించాల్సి వచ్చింది, లేకపోతే తాళం తిరిగినా ఇంజిను అందుకోదు.