వేడెక్కితే ఆగిపోయే బుల్లెట్: నా అనుభవం

నిన్న సాయంత్రం మా పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మీద రాజమండ్రి నుంచి కొవ్వూరు మీదుగా నిడదవోలు దాకా వెళ్లొచ్చాను. దారిలో ఎక్కడా ఆగలేదు. ఇందులో రాయడానికేముందని అనుకునేవాళ్లకి కొన్ని నెలలుగా నేను పడ్డ పాట్లు తెలియవు.

బండి మా నాన్నగారిది. 1987లో కొన్నారు. 346 సీసీ, పోత ఇనుము బ్యారెల్ (సిలిండర్), గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఫస్ట్ గేరు పైకి, మిగతా మూడూ కిందికి. ఇప్పటి కుర్రాళ్లెవరైనా "అన్నా, ఓ రౌండేసొస్తా" అంటే వెంటనే తాళాలిచ్చేస్తాను. వీధి చివర బ్రేకనుకుని గేరు తొక్కి, వాళ్లే తిరిగి తెచ్చిచ్చేస్తారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక అది వరండాలో గోనెపట్టా కప్పుకుని ఉండిపోయింది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని నేనే పానాల పెట్టె ముందేసుకుని కూర్చున్నాను.

తేలికైన పనులు తేలిగ్గానే అయ్యాయి. టైర్లు, ట్యూబులు, కేబుళ్లు, చైను కొత్తవి వేశాను. ట్యాంకులో తుప్పుకి వెనిగర్ పోసి, గుప్పెడు పాత నట్లు వేసి, ఊపి ఊపి కడిగాను. ఇంజనాయిలు 20డబ్ల్యూ50. వాల్వుల సందు సరిచేసే టాపెట్లు ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. టాపెట్ నుంచి వాల్వు వైపు వెళ్లే సన్నటి కడ్డీని పుష్‌రాడ్ అంటారు. పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు, అంతే లెక్క. పెట్రోలు పైపు మాత్రం చూసీ చూడనట్టు వదలొద్దు. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాతకాలం రబ్బరు దానికి తట్టుకోదు. కారేది వేడి ఇంజను మీదే కదా.

ఆర్సీ గురించి అందరూ భయపెట్టారు. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, మాది ఎప్పుడో గడువు దాటిపోయింది. ఆలస్యానికి నెలల లెక్కన ఫీజు వేశారు, కట్టాను. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు చాసిస్ నంబరు చూసుకుని, లైటూ హారనూ చూసి సంతకం పెట్టారు. ఒక్క రూపాయి ఎవరూ అడగలేదు. నమ్మకపోతే మీ ఇష్టం. నన్ను ఏడిపించింది ఆఫీసు కాదు, అరచేతిలో ఇమిడిపోయే ఓ రేకు డబ్బా.

విషయం ఏమిటంటే, పొద్దున చల్లగా ఉన్నప్పుడు బండి ముద్దుగా స్టార్టయ్యేది. బుల్లెట్ కిక్కు కొట్టడం నాకు నాన్నగారు నేర్పిన విద్య. తాళం తిప్పి, అమ్మీటర్ ముల్లు మైనస్ వైపు నుంచి మధ్యకి వచ్చేదాకా కిక్కు మెల్లగా నొక్కి, సిలిండర్లో ఒత్తిడి వదిలేసే డీకంప్రెసర్ లివరు పట్టుకుని ఇంకాస్త దింపి, వదిలి, అప్పుడు మనసారా ఒక్కటి. బలంతో పనిలేదు. అలా స్టార్టయిన బండి ఇరవై నిమిషాలు గుర్రంలా పోయేది. తర్వాత ఒకటి రెండుసార్లు సైలెన్సర్లో టప్ మని పేలి ఆగిపోయేది. ఇక ఎన్ని కిక్కులు కొట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. అరగంట వదిలేస్తే, ఏమీ ఎరగనట్టు మళ్లీ ఒకే కిక్కుకి స్టార్ట్.

ఊళ్లో ఆగినన్నాళ్లూ సర్దుకున్నాను. కొవ్వూర్లో బంధువుల పెళ్లికి మామయ్యగారిని వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. గోదావరి మీద రోడ్డు కం రైలు వంతెన ఎక్కినవాళ్లకి తెలుసు: కింద రైలు, పైన రోడ్డు, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు పొడవు, పక్కకి తీసి నిలబడదామంటే చోటుండదు. 1974లో కట్టినప్పుడు ఇన్ని బళ్లొస్తాయని ఎవరనుకుంటారు. సరిగ్గా నడిమధ్యలో టప్ మంది. వెనక బస్సు హారను. దాని వెనక ఇంకో పది హారన్లు. మామయ్యగారు దిగారు, కండువా సర్దుకున్నారు, బండి వైపు ఓసారి, నా వైపు ఓసారి చూశారు.

"అల్లుడుగారూ, ఆ ఆటో ఆపండి. ముహూర్తం మన కోసం ఆగదు కదండీ."

ఆయన్ని ఆటో ఎక్కించి, 160 కిలోల పైచిలుకు ఇనుముని పట్టుబట్టల్లో తోసుకుంటూ వంతెన దిగాను. పెళ్లి పందిట్లోకి నాకంటే ముందు నా వార్త చేరింది. "బండి తోలుకొచ్చారా బాబూ, తోసుకొచ్చారా?" అని వడ్డించేవాళ్లు కూడా అడిగారు. పూర్ణాలు గొంతు దిగితే ఒట్టు.

తర్వాత బుల్లెట్లకి పెట్టింది పేరైన ఓ మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లాను. పేరు రాయను, ఊరంతా గురువుగారంటుంది. ఆటో ట్రాలీలో వేసుకెళ్లేసరికి ఇంజను చల్లారిపోయింది కదా, ఆయన కిక్కు కొట్టగానే స్టార్టయింది. "బానే ఉందిగా అండీ!" అన్నాడు, చుట్టూ ఉన్న కుర్రాళ్లు నవ్వారు. వేడెక్కితేనే ఆగుతుందని చెప్పాను. కార్బొరేటర్ మార్చాలన్నాడు, మార్చాడు. మళ్లీ ఆగింది. ఈసారి ఇంజను బోరుకొచ్చింది, అంటే సిలిండర్ అరిగిపోయింది, దింపాలన్నాడు. స్పార్కు సర్క్యూట్లో ఉండే చిన్న రేకు డబ్బా, కండెన్సర్, అదయ్యుంటుందా అని అడిగితే, "అన్నీ మీకే తెలిస్తే నా దగ్గరికెందుకొచ్చారు సార్? ఇది మీలాంటి ఆఫీసు పనులోళ్లు మెయింటైన్ చేసే బండి కాదు. అమ్మేయండి, రేటు నేనే చెప్తా" అన్నాడు.

అక్కడ నాకు మండింది. రోగం చెప్పేవాడే బేరం కూడా ఆడుతుంటే ఆ రోగాన్ని ఎలా నమ్మాలి? పాత బండి ఉన్న ప్రతివాళ్లకీ చెప్తున్నాను, ఇంజను దింపాలనే మాట మొదటి గంటలోనే వచ్చిందంటే తాళాలు తీసుకుని వచ్చేయండి. పొగ లేదు, ఆయిలు తాగడం లేదు, కంప్రెషన్ మీద మనిషి నిలబడ్డా కిక్కు రాడ్ దిగడం లేదు, అలాంటి ఇంజనుకి బోరేంటి?

ఇంటికొచ్చి ఒక్కోటీ కొట్టేసుకుంటూ పోయాను. బండి ఆగగానే ట్యాంకు మూత తెరిచాను. గాలి కన్నం పూడుకుపోయి ఉంటే బుస్సుమని గాలి పీలుస్తుంది, అదేమీ లేదు. కార్బొరేటర్లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ చాంబర్ కింద బోల్టు వదులు చేస్తే పెట్రోలు ధారగా వచ్చింది. ప్లగ్గు కొత్తది. ప్లగ్గుకి హై వోల్టేజీ పంపే కాయిలు స్నేహితుడి బండిది పెట్టి చూశాను, తేడా లేదు. మిగిలింది కండెన్సర్. అయితే అది కూడా కొత్తదే, నేనే కొని వేశాను. నన్ను తికమక పెట్టిందంతా ఇదే.

ఓ సాయంత్రం వరండాలో లైటు ఆర్పేసి, ప్లాటినం పాయింట్ల (కాయిల్ కరెంటుని కలిపి, తెంచే చిన్న స్విచ్చు) మీద మూత తీసి బండి స్టార్ట్ చేశాను. మొదట్లో పాయింట్ల మధ్య ఏదో గుండుసూది మొనంత మెరుపు, వంగి చూస్తే తప్ప కనిపించదు. ఇంజను వేడెక్కే కొద్దీ అది పెరిగింది. కాసేపటికి నీలంగా, అంచుల్లో పసుపుగా, చిటచిటమని రవ్వలు. ఆ వెలుతుర్లో నా వేళ్లు కూడా కనిపించాయి. ఆ తర్వాత టప్. అప్పుడు ప్లగ్గు ఊడదీసి హెడ్డుకి ఆనించి కిక్కు కొడితే స్పార్కు బలహీనంగా, ఎర్రగా, వచ్చీ రానట్టు.

పాయింట్లు తెరుచుకున్న క్షణంలో కాయిల్లో కరెంటు ఠక్కున ఆగాలి, అప్పుడే ప్లగ్గు దగ్గర గట్టి స్పార్కు పుడుతుంది. ఆగే ఆ క్షణంలో ఉరికే కరెంటుకి కండెన్సర్ పక్కకాలవ లాంటిది. అది పనిచేయకపోతే కరెంటు పాయింట్ల మధ్య గాల్లోంచే దూకుతుంది, ప్లగ్గుకి వెళ్లాల్సిన దమ్మంతా అక్కడే పోతుంది. పైగా పాయింట్ల మీద ఒకవైపు గుంట, ఇంకోవైపు మొటిమ తేలతాయి. నావి సరిగ్గా అలాగే ఉన్నాయి. బుల్లెట్లో కండెన్సర్ ఉండేదేమో బ్యారెల్ వెనకే, వేడి తగిలే చోట. లోపలి ఇన్సులేషన్ నాసిరకమైతే వేడికి తేలిపోతుంది, చల్లారితే కోలుకుంటుంది. అంటే నేను కొన్న కొత్తది కూడా పనికిరానిదే. షాపువాడిని అడిగితే "ఎలక్ట్రికల్ సామానుకి గ్యారంటీ ఉండదండీ" అని గోడమీద బోర్డు చూపించాడు. అంత అందమైన డబ్బాలో పెట్టి అమ్మేటప్పుడు ఆ బోర్డు ఎందుకు చూపించడో.

దారి చూపించింది మా వీధి చివర పాత ఆటో ఎలక్ట్రీషియన్. చేతులు వణుకుతాయి గానీ బుర్ర వణకదు. "మళ్లీ అక్కడే పెట్టకు నాయనా, వేడి తగలనిచోట పెట్టు" అని, అంబాసిడర్ కారు డిస్ట్రిబ్యూటర్లో వేసే కండెన్సర్ ఒకటి సొరుగులోంచి తీసిచ్చాడు. దాన్ని కాయిలు పక్కన ఫ్రేముకి క్లిప్పుతో బిగించాను. మూడే జాగ్రత్తలు. దాని ఒళ్లే ఎర్తు కాబట్టి బిగించే చోట పెయింటు గీకి ఇనుము బయటపడేలా చేయాలి. దాని వైరు కాయిల్ నుంచి పాయింట్లకి వెళ్లే టెర్మినల్‌కే కలపాలి, బ్యాటరీ వైపు కాదు. పాత కండెన్సర్ పూర్తిగా తీసేయాలి. పాయింట్లు సన్నటి ఆకురాయితో చదును చేసి, 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య గ్యాపు పెట్టాను. ఫీలర్ గేజ్ లేకుండా బ్లేడు ముక్కతో పెట్టేవాళ్లున్నారు, వాళ్లని నేనైతే బండి ముట్టుకోనివ్వను.

అదే రాత్రి మళ్లీ లైటార్పి చూశాను. ఎంత వేడెక్కినా గుండుసూది మొన దాటలేదు.

నిన్న వంతెన మధ్యకి వచ్చినప్పుడు మాత్రం టెన్షన్ పడ్డ మాట నిజం. వెనక బస్సు కూడా ఉంది. ఏమీ కాలేదు. నిడదవోల్లో టీ తాగి, ఇంజను కాలిపోతుండగానే తిరిగి కిక్కు కొట్టాను, ఒక్కటంటే ఒక్కటే. టీ కొట్టు దగ్గర సెల్ఫ్ స్టార్టు బళ్ల కుర్రాళ్లు తల తిప్పి చూశారు.

ఇంకా ప్రైమరీ చైను కేసు దగ్గర ఆయిలు కారుతోంది, ప్యాకింగ్ మార్చాలి. అంతకంటే ముందు ఆ గురువుగారి షెడ్డుకి ఒకసారి వెళ్లాలి. కొత్త కార్బొరేటర్ వేసినప్పుడు తీసిన ఒరిజినల్ ఇంకా ఆయన దగ్గరే ఉంది. ఫోన్ చేస్తే "ఎక్కడో ఉందండీ, వెతకాలి" అంటున్నాడు. మీరు మాత్రం ఏ షెడ్డులో ఏ సామాను మార్పించినా, పాతది చేతికిచ్చాకే డబ్బులివ్వండి.