మిషను సొరుగులో కార్డు

మొన్న ఆదివారం అరసవల్లి వెళ్ళి మొక్కు తీర్చుకుని వచ్చాను. ఇన్నాళ్ళూ రాద్దామని కూర్చుంటే ఆ రాత్రి గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయేది. ఇప్పుడు కాస్త ధైర్యం వచ్చింది.

మాది పర్లాకిమిడి. జిల్లా ఒడిశాది, ఇంట్లో మాట తెలుగు, పాతపట్నం వస్తే ఆంధ్రా. ఇరవై రెండేళ్ళుగా బట్టలు కుడుతున్నాను. నడుం నొప్పి మొదలైనప్పుడు ఒక క్లినిక్కుకి వెళితే అక్కడి డాక్టరుగారు నా మొహం కూడా సరిగ్గా చూడకుండా "రోజంతా మిషను తొక్కుతారు, నడుం నొప్పి రాక ఏమొస్తుంది" అన్నారు. ఏడు నెలలు నొప్పి బిళ్ళలు రాశారు, ఒక్క రక్త పరీక్ష రాయలేదు. అది మల్టిపుల్ మైలోమా అని, ఎముక మూలుగలో ప్లాస్మా కణాలు అదుపు తప్పి పెరిగే రక్త క్యాన్సరని విశాఖపట్నంలో తేలేసరికి వెన్నుపూస ఒకటి నలిగిపోయింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిపోయింది. ఈ జబ్బులో ఆ బిళ్ళలు కిడ్నీలని ఇంకా దెబ్బతీస్తాయట. ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

మొదటి విడత వైద్యం సంగతి వదిలేస్తున్నా. బోర్టెజోమిబ్ ఇంజెక్షన్లు, లెనలిడోమైడ్ బిళ్ళలు, డెక్సా అనే స్టెరాయిడ్. రెండేళ్ళు బాగానే ఉన్నాను, మళ్ళీ గిరాకీ కూడా ఒప్పుకున్నాను. తర్వాత ఎం-ప్రోటీన్, అంటే ఆ క్యాన్సరు కణాలు రక్తంలోకి వదిలే ప్రోటీన్, పెరగడం మొదలైంది. జబ్బు తిరగబెట్టిందన్నారు.

డారాటుముమాబ్ అనే మందు ఉంది, అమెరికాలో 2015లోనే అనుమతి వచ్చింది, కానీ ఖరీదు వినేసరికి మా ఇంట్లో ఎవరికీ నోట మాట రాలేదు. ఆరోగ్యశ్రీ మాకు రాదు, మా కార్డులన్నీ ఒడిశావి. అప్పుడు విశాఖ డాక్టరమ్మ ట్రయల్ గురించి, అంటే మందుని రోగుల మీద పరీక్షించి చూడడం గురించి, చెప్పారు. అదే మందుకి బయోసిమిలర్, అంటే దాన్ని పోలిన ఇంకో కంపెనీ మందు, తయారైంది, రెండింటినీ పోల్చి చూస్తున్నారు, కొందరికి అసలుది, కొందరికి ఇది, ఎవరికి ఏది ఎక్కుతోందో డాక్టర్లకీ తెలియదు, మందుకి మాత్రం డబ్బు కట్టక్కర్లేదు. తమ్ముడు మండిపడ్డాడు. "ఏటప్పా, ఎలకల మీద చేసేవి నీ మీద చేయించుకుంటావా?" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. అయినా మా అమ్మాయి ఆ కాగితాలన్నీ రెండు సాయంత్రాలు కూర్చుని తెలుగులో పేజీ పేజీ చదివి వినిపించింది. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు మానేయొచ్చు, ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం వాళ్ళదే, రాత్రయినా పగలయినా ఎత్తే ఫోన్ నంబరు ఒకటి. సంతకం పెట్టాను.

మొదటి డోసుకి వణుకు, గొంతులో దురద, దగ్గు. సెలైను ఆపి, ఇంజెక్షను ఇచ్చి, మళ్ళీ మెల్లగా ఎక్కించారు. పొద్దున్న మొదలుపెడితే చీకటి పడింది. తర్వాత్తర్వాత అలవాటైంది.

అయిదో డోసు అయ్యి ఇంటికొచ్చిన మూడో రోజు రాత్రి స్నానాల గది దగ్గర పడిపోయాను. ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. హిమోగ్లోబిన్ 5. రెండు సంచుల రక్తం వెంటనే కావాలన్నారు. నాది బీ పాజిటివ్, దొరకని గ్రూపేమీ కాదు. మొదటి సంచి కలవలేదన్నారు. రెండోది కలవలేదు. మూడోదీ అంతే. నాకు ఊపిరి అందడం లేదు, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. వరండాలో రక్తం పరీక్ష చేసే అతను తమ్ముడితో అంటున్నాడు, "ఏ రక్తమూ కలవట్లేదు, ఆవిడ రక్తమే పాడైపోయింది, ఇక్కడుంచి లాభం లేదు, ఇంటికి తీసుకుపోండి." ఒడియాలో అన్నాడు, నాకు తెలియదనుకున్నాడేమో. నేను పుట్టి పెరిగింది ఇక్కడే, ప్రతి మాటా అర్థమైంది. తమ్ముడు లోపలికి వచ్చి ఏమీ మాట్లాడకుండా నా పాదాలు రెండూ పట్టుకుని కూర్చున్నాడు. వాడి చేతులు నాకంటే చల్లగా ఉన్నాయి. కుట్టాల్సిన జాకెట్లు ఎవరివి ఎవరికివ్వాలో అమ్మాయికి చెప్పాలి అనుకున్నాను, ఎందుకో అదే తోచింది.

అమ్మాయి అక్కడ లేదు. కార్డు కోసం ఇంటికి పరిగెత్తింది. మొదటి డోసుకి ముందే విశాఖలో నా రక్తం తీసి, గ్రూపూ మిగతా పరీక్షలూ చేసి, ఒక చిన్న కార్డు మీద రాసిచ్చారు, ఎప్పుడూ దగ్గరుంచుకోమన్నారు. నేను మిషను సొరుగులో బాబిన్ల కింద పెట్టాను. నూనె మరక పడిన ఆ కార్డు పట్టుకుని వచ్చి రాత్రి ఒంటిగంటకి ట్రయల్ వాళ్ళ నంబరుకి ఫోన్ చేసింది. రెండో రింగుకే ఎత్తారు. ఎత్తినావిడకి నేను రుణపడి ఉన్నాను.

ఆవిడ డ్యూటీ డాక్టరుతో మాట్లాడారు. ఈ మందు క్యాన్సరు కణాల మీదుండే సీడీ38 అనే ప్రోటీన్‌ని వెతికి పట్టుకుంటుంది. అది ఎర్ర రక్తకణాల మీద కూడా కాస్త ఉంటుంది. నా రక్తంలోని మందు పరీక్షలో దాత కణాలకీ అంటుకుంటుంది, అందుకే మందు ఒంట్లో ఉన్నన్నాళ్ళూ ఎవరి రక్తంతో చూసినా కలవనట్టే కనిపిస్తుంది. గ్రూపు మారదు, రక్తం పాడవదు. డీటీటీ అనే రసాయనం వాడితే ఆ అడ్డు పోతుంది, అది ఆ రాత్రి ఇక్కడ దొరికేది కాదు, ప్రాణం మీదకి వచ్చింది కాబట్టి అదే గ్రూపు రక్తం మెల్లగా ఎక్కిస్తూ దగ్గరుండి చూసుకోమన్నారు. మూడున్నరకి మొదటి చుక్క పడింది. డ్యూటీ డాక్టరు, చిన్న కుర్రాడు, తెల్లారేదాకా స్టూలు మీంచి లేవలేదు. వరండాలో అతను మాత్రం మళ్ళీ మా వైపు రాలేదు. అతనికి ఈ మందు సంగతి ఎవరూ చెప్పి ఉండరు, నిజమే. కానీ తెలియనప్పుడు తెలియదనాలి, మనిషి రక్తం పాడైపోయిందని ఎలా అంటారు?

ఈ మందు మొదలుపెట్టేవాళ్ళు మొదటి డోసుకి ముందే ఆ రక్త పరీక్ష చేయించుకోండి. కార్డు ఒంటి మీదే ఉంచుకోండి. మందు ఆపాక కూడా ఆరు నెలలదాకా పారేయకండి. రక్తం ఎక్కించాల్సి వస్తే ముందుగా ఈ మందు పేరు చెప్పండి.

ఇప్పుడు నెలకో డోసు. ఎం-ప్రోటీన్ 3.4 నుంచి 0.3కి దిగింది. పూర్తిగా పోయే జబ్బు కాదని తెలుసు, సూర్యనారాయణస్వామి ఎన్నాళ్ళిస్తే అన్నాళ్ళు. తమ్ముడే ప్రతిసారీ రైల్లో తోడొస్తున్నాడు. మిగిలిన పట్టు ముక్కతో కార్డుకి చిన్న సంచి కుట్టి మెడలో వేసుకున్నాను. పోయిన నెల వార్డులో పక్క మంచాల వాళ్ళు చూసి అడిగారు, వాళ్ళకీ నాలుగు కుట్టాను. తాడు ఎక్కించడం ఒక్కటే మిగిలింది, బుధవారం వెళ్ళేలోపు అయిపోతుంది.