కాలువ పక్క సందు

ఉదయం ఎనిమిదింటికే మలక్‌పేట చేరాను. ఒక బడి ముందున్న స్పీడ్ బ్రేకర్ గురించి రెండు అర్జీలు వచ్చాయి. నడుములు విరుగుతున్నాయి, తీసేయమని ఒకటి. తీస్తే ఊరుకోం అని రెండోది. రెండూ ఒకే ఫైల్లో వీపులానించుకుని కూర్చున్నాయి.

దాన్ని ఎవరు వేశారో ఏ కాగితంలోనూ లేదు. ఏదో ప్రమాదం జరిగాక రాత్రికి రాత్రి మిగిలిన తారు తెచ్చి పోసినట్టుంది. నేనూ మా అసిస్టెంట్ ఇంజినీరూ దారం బిగించి పట్టుకుని కొలిచాం. ఎత్తు 17 సెంటీమీటర్లు, అడ్డకొలత మీటరైనా లేదు. రోడ్లకు కొలతలు నిర్ణయించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం ఎత్తు 10 సెంటీమీటర్లు, బండి వెళ్లే దిశలో 3.7 మీటర్లు ఉండాలి. 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా దాటించే వంపు అది. ఇది మాత్రం పడుకున్న గోడ. నెత్తిన కార్ల అడుగుభాగాలు గీసుకున్న తెల్లటి చారలు, పక్కన విరిగిన నంబరు ప్లేటు ముక్క.

ఇవన్నీ ఊహించినవే. ఊహించనిది కాలువ అంచున కనిపించింది. వాన నీరు పోవడానికి అక్కడ మూరెడు సందు వదిలారు. వదలకపోతే ఈ జూలైలో ఆ వీధి చెరువే. కానీ బైకులన్నీ ఆ సందులోంచే దూరుతున్నాయి, వేగం తగ్గించకుండా. ఫుట్‌పాత్‌ను ట్రాన్స్‌ఫార్మరూ కొబ్బరిబోండాల బండీ పంచుకున్నాయి కాబట్టి పిల్లలు నడిచేదీ ఆ అంచునే. బైకులు లెక్కపెడుతూ నోట్‌బుక్‌లో గీతలు గీశాను. సందు వైపు గడి నిండిపోయింది. మూడో తరగతి చదివే వయసు పాప ఒకతె హారన్ వినగానే వెనక్కి తిరిగి చూడకుండా బోండాల బండి చక్రం పక్కకు తప్పుకుంది. రోజూ చేసే పనిలా.

"తీసేస్తారా అమ్మా? మా మనవడు ఈ బళ్లోనే చదువుతున్నాడు" అని ఒక పెద్దాయన వచ్చారు.

"తీసి సరైనది వేస్తాం బాబాయి గారూ" అని సందు చూపించాను.

"అది నీళ్లకు కదమ్మా!" అన్నారాయన.

మధ్యాహ్నమంతా సమావేశాలు. రాయదగ్గది ఏమీ లేదు.

సాయంత్రం ఎస్టిమేటు రాశాను. పాతది చెక్కడం, కొత్త వంపు, తెల్ల చారలు, ముందుగా హెచ్చరిక బోర్డు, సందులో నడుమెత్తు ఇనుప స్తంభం ఒకటి. నీళ్లు పోతాయి, బైకు హ్యాండిల్ పట్టదు. ఒక్క స్తంభానికి ఇంత వివరణ ఎందుకని పై అధికారి ఫోను చేశారు. రేపు ఆ పాప సంగతి చెప్పాలి. ఫైల్లో దానికి గడి లేదు.

ఇంటికి వచ్చేసరికి ఎనిమిదిన్నర. హెల్మెట్ తీస్తుంటే తట్టింది, మా వీధి మలుపులోనూ ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. ఇప్పుడే దాటి వచ్చాను. స్కూటర్ ఎక్కడా కుదిపినట్టు లేదు.